ఫిలేమోను పత్రికతో ఆరంభింపుము



నీ ఉత్తరము చేరినది. గుంటూరు హాస్టలులో శనివారము సాయంకాలములందు మీరు కొందరు కూడి బైబిలు చదువ మొదలిడితిరనియు, తొలివారము గది నిండినను పిమ్మట వచ్చువారు సన్నగిల్లుచున్నారనియు, కనుక పేరుపొందిన ప్రసంగీకునొకరిని పిలిపించి కూటమును నిలబెట్టదలచితివనియు వ్రాసితివి. పిలువవద్దని నా మాట. ప్రసంగమును నేను తక్కువ చేయుటలేదు. ఆదివారము దేవాలయమున దానికి తగిన స్థానమును, తగిన ఫలమును కలవు. అయితే ఒకరు నిలిచి పలుకగా ఇరువదిమంది కూర్చుండి వినిన యెడల, ఆ ఇరువదిమందియు వక్తను ఎరుగుదురే కాని ఒకరినొకరు ఎరుగరు. సహవాసము కోరువాడు అందరి కన్నులును ఒకే పుటపై నిలుచునట్లును, అందరి నోళ్లును కదలునట్లును చూడవలెను.

తెలుగు సువార్తల పుట్టుకయే ఇట్టిది. విశాఖపట్నమున లండను మిషనువాడగు డెస్‌గ్రాంజెస్, బ్రాహ్మణకులమున పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయరు, ఈ ఇరువురును కలిసి కూర్చుండి తెనిగించిన సువార్తలు, డెస్‌గ్రాంజెస్ 1810లో గతించిన పిమ్మట, 1812లో శ్రీరాంపూరున అచ్చుపడినవి. ఒకరి భాష ఒకరు నేర్చుకొనుచు, వాక్యము వెంబడి వాక్యమును విచారించిన ఆ ఇద్దరి కూటమునకు మనమందరమును ఋణపడియున్నాము.

ఇక నీ గదికి వచ్చువారెవరో ఒకమారు తలపోయుము. పల్నాటినుండి వచ్చినవాడు లూథరను, ఒంగోలువాడు బాప్టిస్టు, బందరువాడు దక్షిణ ఇండియా సంఘమువాడు, నరసాపురమువాడు బ్రదరన్. ఈ భేదములలో పెక్కు మన తాతలు సిద్ధాంతములను విమర్శించి ఎన్నుకొన్నవి కావు. గుంటూరునకు 1842లో లూథరను మిషనరీ హయ్యర్ దొరయు, ఒంగోలునకు 1866లో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరయు వచ్చుటచేతను, మిషనులు తమలో తాము ప్రాంతములను పంచుకొనుటచేతను ఏర్పడినవి. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులు, మెథడిస్టులు మొదలగువారు ఏకమై దక్షిణ ఇండియా సంఘమైనను, లూథరనులును బాప్టిస్టులును వెలుపలనే నిలిచిరి. ఇంతకంటె లోతైన గీత మరియొకటి కలదు. ఒక మిషనులో ఒక కులమువారును, వేరొక మిషనులో వేరొక కులమువారును అధికముగా చేరుటవలన, సంఘభేదము పేరిట కులభేదమే మన మధ్య కాపురముండుట పలుచోట్ల జరిగినది. ప్రార్థనలో అది కనబడదు. పెండ్లి సంబంధముల మాట వచ్చినపుడు బయటపడును.

అందుచేత మొదటి నెలకు ఫిలేమోను పత్రికను తీసికొనుము. ఒకే అధ్యాయము, 25 వచనములు. ఎంత పని ఒత్తిడి గల విద్యార్థియైనను చదువగలడు. వంతులవారీగా రెండుమార్లు బిగ్గరగా చదివింపుము. పిమ్మట పది నిమిషములు ఎవరును మాటాడక, పెన్సిలు చేతబట్టి, తమకు కనబడినదానిని గురుతుపెట్టుకొననిమ్ము. అప్పుడు, ఈ ఉత్తరము ఎవరెవరికి వ్రాయబడినదని అడుగుము. ఫిలేమోనుకని వెంటనే అందురు. మరల చూడుమన్నచో ఒకడు అప్ఫియను, ఒకడు అర్ఖిప్పును, తుదకు ఒకడు ఆ యింట కూడుకొను సంఘమును కనుగొనును. యజమానునికిని, అతనిని విడిచిపోయిన దాసుడగు ఒనేసిమునకును నడుమగల వ్యవహారమును పౌలు సంఘమంతయు వినునట్లు ఏల వ్రాసెనని అప్పుడు అడుగుము. చెరసాలలోనున్న పౌలు ఆజ్ఞాపింపగలిగియు వేడుకొనుట యేల? ఒనేసిము అచ్చియున్నది ఏమైనను తన లెక్కలో చేర్చుమని స్వహస్తముతో వ్రాయుట యేల? అతనిని విడుదల చేయుమని విస్పష్టముగా అనకపోవుట యేల? ఈ తుది ప్రశ్నపై వారు వాదులాడుకొనిన అడ్డుపడకుము. వాదము కొంత సద్దుమణిగిన పిదప కొలొస్సయులకు వ్రాసిన పత్రిక నాలుగవ అధ్యాయము తెరిపించి, అదే ఒనేసిమును తుకికుతోకూడ నమ్మకమైన సహోదరుడని పంపుటను చూపుము. కులము ప్రస్తావన నీవు తేవద్దు. తమ ఊరి దేవాలయమున ఎవరు ఎచ్చట కూర్చుందురో ఒకడు తానై చెప్పు గడియ వచ్చును, అప్పుడు వినుము.

నడిపించువానికి మిక్కిలి కష్టమైన పని మౌనము. ప్రశ్న వేసిన పిమ్మట కలుగు నిశ్శబ్దమునకు వెరచి నీవే సమాధానము చెప్పితివా, మరి యెవరును నోరు మెదపరు. అవునని గాని కాదని గాని తేలిపోవు ప్రశ్నలు వేయకుము. పాస్టరుగారి కుమారుడు అన్నిటికిని తానే బదులు చెప్పుచున్నాడని వ్రాసితివి. అతనిని నలుగురిలో ఆపక, ఏకాంతమున పిలిచి, వచ్చేవారము ప్రశ్నలడుగు పని అతనికే అప్పగింపుము. బైబిలు ఎన్నడును తెరువని హైందవ మిత్రుడు వచ్చినచో, గ్రంథముల వరుస తెలియక తడబడకుండ పుట సంఖ్య చెప్పుము. అతడు అతిథి, అతని సందేహములను మన్నింపుము, అతనిని లెక్కలో వేసికొనుటకు తొందరపడకుము.

చదువుట ముగియగానే కూటము ముగిసినదని తలంపవద్దు. నెహెమ్యా గ్రంథము ఎనిమిదవ అధ్యాయమున, నీటి గుమ్మము ఎదుట ఎజ్రా ఉదయము మొదలు మధ్యాహ్నమువరకు ధర్మశాస్త్రము చదువగా, లేవీయులు భావము విప్పి చెప్పగా, జనులు విని ఏడ్చిరి. అంతట వారికి అందిన ఉత్తరువు, దుఃఖపడక పోయి భుజింపుడనియు, ఏమియు సిద్ధపరచుకొననివారికి వంతులు పంపుడనియు. గ్రంథపఠనము అన్నపు పంపకమునకు దారితీసిన ఈ వరుస నాకు మిక్కిలి ప్రియమైనది. ఈవారము రానివాడెవడు, జ్వరముతో పడియున్నవాడెవడు, మెస్సు బిల్లు కట్టలేక రాత్రి భోజనము మానుచున్నవాడెవడు? ఇవి మీకు తెలియనిచో మీరు చదివినది ఇంకను పుటపైననే యున్నది. పరీక్ష రుసుమునకు సాయపడినప్పుడు ఇచ్చినవాని పేరు పుచ్చుకొన్నవానికి తెలియనక్కరలేదు.

1954లో ఏర్పడిన యూనియన్ ఆఫ్ ఇవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియావారు విద్యార్థుల సాక్ష్యమునకు విద్యార్థులే పూనుకొనవలెనను పద్ధతిని పాటించుచున్నారు. మీ పట్టణమున వారి ఇవాంజెలికల్ యూనియన్ (ఇ.యు.) కూటము జరుగుచున్నచో పోయి చూడుము.

ఫిలేమోను ముగిసిన పిదప మార్కు సువార్త చేపట్టుడు. 16 అధ్యాయములు, వారమున కొకటి చొప్పున వేసవి సెలవులకు ముందే పూర్తియగును. అప్పటికి నడిపించువారు నలుగురైనను కావలెను, ఏలయనగా నీ చదువు వచ్చే యేట ముగియును. ముందుగా ఫిలేమోనుపై నీవు సిద్ధపరచిన ప్రశ్నలను నాకు పంపుము. వేటిని కొట్టివేయవలెనో గురుతుపెట్టి, శనివారములోపల నీకు అందునట్లు తిరుగుటపాలో పంపెదను.

నీ పెదనాన్న