కర్చీఫ్ వేసిన సీటు

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం

చి. అమ్మడికి,



మొన్న ఫోన్లో నువ్వన్న మాటకు అప్పుడే జవాబు చెప్పలేకపోయాను, చుట్టూ పెళ్లిజనం. "హెరాయిన్ మానాలని వచ్చిన నా పేషెంట్లు నెలనెలా బుప్రెనార్ఫిన్ రాయించుకుపోతున్నారు అత్తయ్యా, ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేస్తున్నామేమో" అన్నావు. ముప్పై నాలుగేళ్లు ఈ ఊళ్లో నన్ను అందరూ మత్తు డాక్టరమ్మ అనే పిలిచారు. కనుక నన్ను అడగడం సబబే. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

మా ఆపరేషన్ థియేటర్లో ఒక టెక్నీషియన్ కుర్రాడు ఉండేవాడు. పేరు రాయను, వాళ్లవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఆక్సిజన్ సిలిండర్ అయిపోవస్తోందని నాకన్నా ముందే పసిగట్టేవాడు. నొప్పికి ఇచ్చే పెథిడిన్ మత్తుమందు ఆంప్యూళ్లు రెండు తాళాల అలమరాలో ఉండేవి, వాడిన ప్రతిదానికీ రిజిస్టర్లో సంతకం నాది. కొన్నాళ్లపాటు, ఆపరేషన్ అయిన పేషెంట్లు ఇంజక్షన్ పడ్డా నొప్పికి అల్లాడిపోయేవారు. ఎందుకో నాకు అంతుపట్టేది కాదు. సిరంజిలో ఉంటున్నది సెలైన్, పెథిడిన్ వాడే ఎక్కించుకుంటున్నాడు అని తెలిసేసరికి వాడు చాలా దూరం వెళ్లిపోయాడు. ఆస్పత్రి వాళ్లు పరువుకోసం గుట్టుగా ఉద్యోగంలోంచి తీసేశారు. నేనూ ఆ రోజు వాణ్ని దొంగ అన్నాను. తల్లి గాజులు తాకట్టు పెట్టి ఎక్కడో ఒక డీఅడిక్షన్ సెంటర్లో చేర్చింది. ఇరవై ఒక్క రోజులు గదిలో పెట్టి తాళం వేశారు. ఆవులింతలు, కారే ముక్కు, నిక్కబొడిచిన రోమాలు, విరేచనాలు, అన్నీ పడ్డాక "బాగైపోయాడు" అని పంపేశారు. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు పాత మోతాదే ఎక్కించుకున్నాడు. స్నానాలగది తలుపు పగలగొట్టేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి.

"ఇరవై ఒక్క రోజులు ముట్టుకోలేదు గదమ్మా, మానేసినవాడు పోవడమేమిటి?" అని అడిగిందా తల్లి. మానేశాడు కనుకే పోయాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మందు ఆగితే తట్టుకునే శక్తి రోజుల్లోనే పడిపోతుంది, కోరిక మాత్రం అలాగే ఉంటుంది. నిన్నటి మోతాదు ఇవాళ ఊపిరి ఆపేస్తుంది. జైలు నుంచి విడుదలైనవాళ్లు మొదటి రెండు వారాల్లో ఎక్కువగా చనిపోయేదీ ఇందుకే. ఇది పుస్తకంలో చదివిన డాక్టర్నే. వాడి విషయంలో మాత్రం తట్టలేదు.

ఇక నీ ప్రశ్న. పండగ ముందురోజు మన ఊరి బస్టాండు గుర్తుందా? బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుతారు. బుప్రెనార్ఫిన్ ఆ కర్చీఫ్ లాంటిది. మెదడులో మత్తు కూర్చునే సీటు ఖాళీగా లేదు గనుక ఒళ్లు గోల పెట్టదు. హెరాయిన్ వచ్చినా కూర్చోడానికి చోటుండదు. పూర్తి మనిషి కూర్చున్నంత బరువూ ఉండదు, ఎంత వేసినా ఊపిరిమీద దాని దెబ్బ ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. మోతాదు మించినప్పుడు ఇచ్చే నలాక్సోన్ ఇంకో రకం. కూర్చున్నవాణ్ని చొక్కా పట్టి లేపేసి తను కూర్చుంటుంది, ఊపిరి తిరిగొస్తుంది. కానీ అరగంటకో గంటకో దిగిపోతుంది, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నవాడు మళ్లీ ఎక్కి కూర్చోవచ్చు. అందుకే ఊపిరి వచ్చింది కదా అని మనిషిని వదిలి వెళ్లకూడదు. నువ్వు ఆ బస్సులు ఎక్కి ఎన్నాళ్లయిందో గానీ, నీ పేషెంట్ల తల్లులకు ఇలాంటిదేదో అమెరికా పద్ధతిలో చెప్పి చూడు.

ఎన్నాళ్లు వాడాలని అడుగుతారు. నేను ఇరవై రెండేళ్లుగా థైరాయిడ్ బిళ్ల వేసుకుంటున్నాను. ఎప్పుడు మానేస్తావని మీ నాన్న ఒక్కసారీ అడగలేదు. ఇదే పనికి వాడే మెథడోన్ మీదో బుప్రెనార్ఫిన్ మీదో ఉన్నన్నాళ్లు చావులు దాదాపు సగానికి తగ్గుతాయని దేశదేశాల లెక్కలు చెబుతున్నాయి. ఆపిన మొదటి నాలుగు వారాలే గండం. నువ్వు చెప్పిన ఆ ట్రక్కు డ్రైవరు, భార్య పోరు పడలేక మానేస్తానన్నవాడు, పనికి వెళ్తున్నాడు, పిల్లల్ని చూసుకుంటున్నాడు. అతని చేత మాన్పించి ఎవర్ని మెప్పించాలి?

నువ్వున్న వెస్ట్ వర్జీనియా సంగతి నాకన్నా నీకే బాగా తెలియాలి. అక్కడ కెర్మిట్ అని 400 మంది కూడా లేని ఊరు. ఒక్క మందుల షాపుకి రెండేళ్లలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ నొప్పి బిళ్లలు దిగాయి. ఇది దొంగ సరుకు కాదు, లైసెన్సున్న కంపెనీలు బిల్లు రాసి పంపినవి. దీనికి ముందు ఒక ఉత్తరం కథ ఉంది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో అయిదు వాక్యాల ఉత్తరం అచ్చయింది. ఆస్పత్రిలో మత్తుమందు ఇచ్చిన 11,882 మందిలో అలవాటు పడినవాళ్లు నలుగురేనని. ఆస్పత్రి మంచం మీద, నర్సు చేతి మీదుగా ఇచ్చిన మందు లెక్క అది. ఆ తర్వాత దాన్ని నెలల తరబడి ఇంట్లో మింగే బిళ్లలకు సాక్ష్యంగా వాడుకున్నారు. 1996లో పర్డ్యూ ఫార్మా కంపెనీ ఆక్సీకాంటిన్ అనే నొప్పి బిళ్ల తెచ్చింది, అలవాటు పడేది అరుదని డాక్టర్లకు నూరిపోసింది. 2007లో కోర్టులో తప్పు ఒప్పుకునేలోపు జరగాల్సిందంతా జరిగిపోయింది. 2010లో ఆ బిళ్లను సులువుగా నలగ్గొట్టడానికి వీల్లేకుండా మార్చారు. మంచిపనే, కానీ అలవాటైన మనుషులకి వైద్యం చూపించకుండా సరుకు మాత్రం మూసేస్తే ఏమవుతుంది? హెరాయిన్ వైపు మళ్లారు, దాని వెనకే ఫెంటనిల్ వచ్చింది.

ఫెంటనిల్ పేరు వార్తల్లో వింటే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. నా చేతిలో అది రెండు మిల్లీలీటర్ల ఆంప్యూల్, అందులో 100 మైక్రోగ్రాములు. ఊపిరి పోసే యంత్రం పక్కనుంటే తప్ప తాకేదాన్ని కాదు. అది బజారులో చక్కెరపొడిలా దొరికితే కొలిచేదెవరు? అన్ని మత్తుల మోతాదు మించి పోయినవాళ్లు అమెరికాలో 2022లో సుమారు 1,08,000, ఎక్కువమంది దీనివల్లే. 2024కి 80,000 దాకా దిగిందట.

ఫ్రాన్స్ వాళ్లు 1995లో ఒక పని చేశారు. వీధిచివరి మామూలు డాక్టరు కూడా బుప్రెనార్ఫిన్ రాయొచ్చన్నారు. నాలుగేళ్లలో మోతాదు మించిన చావులు అయిదింట నాలుగు వంతులు తగ్గాయి. కొందరు ఆ బిళ్లను నూరి ఎక్కించుకున్నారు, కొందరు అమ్ముకున్నారు. నిజమే, అయినా మనుషులు బతికారు. మీ దేశంలోనేమో దాన్ని రాయడానికి డాక్టరుకి ప్రత్యేక అనుమతి కావాలన్న నిబంధన 2022 చివరిదాకా నడిచింది. అదే డాక్టరు ఆక్సీకాంటిన్ రాయడానికి అలాంటి అడ్డేమీ లేకపోయింది! మెథడోన్ చికిత్సను న్యూయార్క్‌లో డోల్, నైస్వాండర్ దంపతులు 1960లలోనే చేసి చూపించారు. దానికి ఇప్పటికీ క్లినిక్ ముందు వరసలో నిలబడాలి, మందుల షాపులో ఇవ్వరు. కోవిడ్ పుణ్యమా అని ఇంటికి కొన్ని వారాల మందు ఇవ్వడం సులువైంది, ఇప్పుడు ఆ సడలింపు నిబంధనల్లోనే చేరింది.

మత్తుమందు వాడకానికి శిక్షలు ఎత్తేస్తే చాలంటారు కొందరు. పోర్చుగల్ 2001లో అలా చేసింది, వైద్యం దారులు కూడా వేసుకుంది. ఓరెగాన్ రాష్ట్రం 2020 ఓటింగుతో శిక్షలు తీసేసింది, చికిత్సకు డబ్బు మాత్రం నత్తనడకన కదిలింది. 2024లో దాన్ని మళ్లీ నేరంగా మార్చేశారు. నాకు ఓరెగాన్ మీద కోపం కన్నా జాలి ఎక్కువ.

మన దగ్గర గొడవ తలకిందులు. 1985 మత్తుమందుల చట్టం వచ్చాక మార్ఫిన్ చుట్టూ ఎన్ని లైసెన్సులు పెట్టారంటే, కేన్సర్ నొప్పితో గోడలు గీరుకున్నవాళ్లకి ఇవ్వడానికి మా దగ్గర ఉండేది కాదు. హైదరాబాదు ఎమ్మెన్‌జే కేన్సర్ ఆస్పత్రి లాంటి చోట్ల పాలియేటివ్ డాక్టర్లు ఆ కాగితాలతో ఏళ్లతరబడి పెనుగులాడారు, 2014లో సవరణ వచ్చాక కాస్త వెసులుబాటు. ఇంకోపక్క పంజాబులో హెరాయిన్. అక్కడ 2017 నుంచి ప్రభుత్వ క్లినిక్కుల్లో బుప్రెనార్ఫిన్ ఇస్తున్నారు. మన రెండు రాష్ట్రాల్లో మత్తు అనగానే గంజాయి మూటలు పట్టుకున్న ఫొటోలే పేపర్లో.

ఒకటి చెప్పాలని ఇంతసేపూ తచ్చాడుతున్నాను. మా ట్రేలో నలాక్సోన్ ఆంప్యూళ్లు ఎప్పుడూ ఉండేవి. వాడే అవసరం అరుదు, గడువు దాటితే పారేసేవాళ్లం. ఆ కుర్రాడి ఇల్లు ఆస్పత్రికి రెండు వీధుల అవతల. ఇంటికి పంపేటప్పుడు ఆ తల్లికి ఒక ఆంప్యూలు, ఒక సిరంజి ఇచ్చి, ఎలా పొడవాలో చూపించాలని మాలో ఎవరికీ తోచలేదు.

మీ దగ్గర 2023 నుంచి ముక్కులో కొట్టే నలాక్సోన్ చీటీ లేకుండానే అమ్ముతున్నారటగా. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక పెట్టె తీసుకురా, మా ఊరి షాపుల్లో నేనెప్పుడూ చూడలేదు. గురువారాలు నర్సింగ్ పిల్లలకి పాఠం చెప్పడానికి వెళ్తున్నాను, వాళ్లకి చూపించాలి. ఆవకాయ జాడీ నీకోసం పక్కన పెట్టాను.

ఆశీస్సులతో,
అత్తయ్య