గౌతమిపై పక్షి దర్శనం: ఎక్కడ ఆగవలెను?

యానాం పట్టణం గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్నది. కోరంగి పాయ ఇక్కడనే గౌతమి నుండి విడివడుతుంది. మనకు చేరువలోనే, ఆంధ్రప్రదేశ్ హద్దుల్లో, 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యం ఉన్నది. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అక్కడి మడ చెట్లు, బురదమేటలు, ఇసుక దిబ్బలు స్థానిక పక్షులకు నివాసం. శీతకాలంలో ఉత్తర దేశాల నుండి వచ్చు వలస పక్షులకు విడిది.

ఈ పక్షులను చూచుటకు కయాక్ మంచి సాధనం. ఒకరు లేక ఇద్దరు కూర్చుండి, రెండు కొసల తెడ్డుతో నడుపుకొను సన్నని, తేలికైన పడవ ఇది. ఇంజను లేనందున చప్పుడు లేదు. లోతు లేని నీటిలో కూడ సాగుతుంది. పెద్ద పడవ చేరలేని చోటికి ఇది చేరుతుంది. అనగా పక్షికి మిగిలిన ఏకాంత స్థలానికి కూడ మనం చేరగలుగుతాం. కనుక ఎక్కడ ఆగవలెనో ముందుగా తెలిసికొనవలెను.

వేళను ఎంచుకొనుట

సముద్రం దగ్గరగా ఉన్నందున ఇక్కడి నది ఆటుపోట్లకు లోబడి ఉంటుంది. రోజుకు రెండు పర్యాయాలు పోటు, రెండు పర్యాయాలు ఆటు. వాటి వేళలు ప్రతిదినం సుమారు 50 నిమిషాలు వెనుకకు జరుగుతాయి. ఆటు సమయంలో బురద బయటపడుతుంది. పక్షులు అందులోని పురుగులను, చిన్న పీతలను ఏరుకొని తింటాయి. అయితే ఆ వేళ మేటకు దగ్గరగా పోయిన పడవ బురదలో చిక్కుకొనవచ్చును. ప్రవాహం సముద్రం వైపు లాగవచ్చును. పోటు మొదలైన తరువాత బయలుదేరి దిగువకు పోయినచో, తిరుగు ప్రయాణంలో ప్రవాహమే మనకు తోడ్పడుతుంది. వరద రోజుల్లో కయాక్‌ను నదిలోకి దింపరాదు. ప్రాణరక్షక కవచం లేనిదే పడవ ఎక్కరాదు.

పక్షులను గుర్తించుట

నీటికి పైన ఒకే చోట రెక్కలాడించుచు నిలిచి, ఒక్కసారిగా మునిగి చేపను పట్టునది నలుపు తెలుపుల లకుముకి పిట్ట. నిట్టనిలువు మట్టిగట్టులో బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. ముక్కు, కాళ్ళు నల్లగా, వేళ్ళు పసుపుగా ఉన్నది చిన్న తెల్లకొంగ. గుంజపై రెక్కలు చాచి ఆరబెట్టుకొనునది నీటి కాకి. తల, రొమ్ము తెల్లగా, ఒడలు ఇటుక రంగుగా ఉన్న గద్దను మన పెద్దలు గరుడ పక్షి అంటారు. నీటి అంచున తోకను ఎగరవేయుచు నడచునది ఉల్లంకి పిట్ట. హిమాలయాల్లోను, వాటికి ఉత్తరాన ఉన్న దేశాల్లోను గూడు కట్టి, శీతకాలం మన తీరాల్లో గడుపుతుంది.

దూరాన్ని పాటించుట

పక్షి ఎగురుటకు ముందే మనకు హెచ్చరిక చేస్తుంది. మేత మాని తల ఎత్తుతుంది. మెడ సాచి చూస్తుంది. నడచి దూరం జరుగుతుంది. తల ఎత్తగానే తెడ్డు ఆపవలెను. అప్పటికీ మేతకు దిగకున్న యెడల మెల్లగా వెనుకకు పోవలెను. గుంపునకు ఎదురుగా సూటిగా పోరాదు, పక్కవాటుగా సాగవలెను.

ఒక్కసారి ఎగిరినంత మాత్రాన నష్టమేమని కొందరు అనుకొనవచ్చును. తిరుగు ప్రయాణానికి వలస పక్షి ఒంటిలో కొవ్వు కూడబెట్టుకొనవలెను. అనవసరంగా ఎగిరిన ప్రతిసారి ఆ నిల్వ తరుగుతుంది. మేత వేళ కూడ పోతుంది. పోటు నిండినప్పుడు మేటలు మునిగి, పక్షులన్నీ మిగిలిన కొద్దిపాటి దిబ్బపై గుంపుగా చేరుతాయి. అక్కడి నుండి లేపినచో వాలుటకు మరొక చోటు ఉండకపోవచ్చును. కావున పోటు నిండక ముందే ఆ దిబ్బలను విడిచి రావలెను.

మత్స్యకారుల వలల మీదుగా, వెదురు గుంజల నడుమగా పడవను నడుపరాదు; అది వారి జీవనాధారం. అభయారణ్యంలో ప్రవేశించుటకు అటవీశాఖ అనుమతి పొందవలెను.

నమోదు చేయుట

ఒడ్డు చేరిన పిమ్మట తేదీ, వేళ, పోటా ఆటా, పక్షి పేరు, సంఖ్య, అది చేయుచున్న పని వ్రాసికొనవలెను. పేరు తెలియని పక్షి రూపాన్ని వర్ణించిన చాలును. ఊహించి పేరు పెట్టరాదు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ప్రతి జనవరిలో జరుగుచున్నది. ఇట్టి అలవాటు గలవారు అందులో చక్కగా పాలుపంచుకొనగలరు. చివర మరొక గడి గీసి, మన వలన ఎగిరిపోయిన పక్షులెన్నో అందులో వ్రాయవలెను. ఆ గడిలో సున్న పడిన దినమే మన విహారం సఫలమైన దినం.

అభ్యాసం

1. పోటు మొదలైన తరువాత బయలుదేరుట ఎందుకు మేలు?
2. పక్షి ఎగురుటకు ముందు చూపు హెచ్చరికలు ఏవి?
3. పోటు నిండిన వేళ దిబ్బలకు ఎందుకు దూరంగా ఉండవలెను?