స్లాబు ఇంటికీ గవాచి కావాలి

తెలకపల్లి వైపు పాత మట్టి మిద్దెల్లో ఉన్నవాళ్లకు గవాచి తెలుసు. కప్పులో చిన్న కంత. పొగ, వేడి అందులోంచి పోయేవి, వెలుగు దిగేది. వానొస్తే పైన బండ కప్పేవాళ్లు. స్లాబు ఇళ్లొచ్చాక అది పోయింది. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రంతా గదిలోకి వేడి వదులుతుంది. అందుకే పై అంతస్తులో అర్ధరాత్రి దాటినా ఫ్యాను వేడిగాలే కొడుతుంది.

1. మెట్ల గది తలుపునే గవాచి చేసుకోండి. పొద్దుగూకి బయట చల్లబడ్డాక ఆ తలుపూ, కింది అంతస్తు కిటికీలూ తెరవండి. వేడిగాలి తేలిక కాబట్టి మెట్ల మీదుగా పైకి పోతుంది, దాని చోటుకు కింది నుంచి చల్లగాలి వస్తుంది. గదుల తలుపులు మూసుంటే మాత్రం ఇది జరగదు. మెట్ల మలుపులో అగరుబత్తి పట్టుకుని చూడండి. పొగ తిన్నగా పై తలుపు వైపు సాగితే దారి కుదిరినట్టే. దొంగల భయముంటే ఇనుప జాలీ తలుపు, దోమలకు నెట్ పెట్టించుకోండి. నా లెక్కలో, పైసా కరెంటు ఖర్చు లేని ఈ పనే అన్నిటికంటే ముఖ్యం.

2. పొద్దున ఎనిమిదింటికల్లా కిటికీలు మూసేయండి. బయట 42 డిగ్రీలున్నప్పుడు తెరిచిన కిటికీలోంచి వచ్చేది వడగాలే. పడమటి కిటికీకి తడకో చాపో బయటివైపు కట్టాలి. లోపలి పరదా అంతగా పనిచేయదు, అప్పటికే అద్దం దాటి ఎండ లోపలికొచ్చేస్తుంది.

3. స్లాబు కింద వెంటిలేటర్లకు అడ్డం పెట్టిన అట్టలు తీసేయండి. ఒకే కిటికీ ఉన్న గదికి గోడ పైభాగాన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి రాత్రిపూట నడపండి.

4. కూలర్ వేస్తే ఎదురు కిటికీ బెత్తెడు తెరవండి. లేకుంటే గదంతా ఉక్కపోతే.

5. మార్చిలోనే స్లాబు ఊడ్చి, కడిగి, ఆరాక రెండు పూతలు తెల్ల సున్నం వేయండి. వానలకు పోతుంది, ఏటా వేయాల్సిందే. దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు, అప్పుడప్పుడు ఊడుస్తుండాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇదే: ఎండను తిప్పికొట్టే కప్పు.

6. స్లాబు మీద నీళ్లు చల్లేదుంటే సాయంత్రమే. తడి గోనె సంచులు పరిస్తే తక్కువ నీళ్లతో సరిపోతుంది.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకు ఒక్క మాట. మెట్ల గదికి ఎదురెదురు గోడల్లో, స్లాబు కిందే జాలీలు పెట్టమని మేస్త్రీకి గోడలు లేపకముందే చెప్పండి. తర్వాతైతే గోడ పగలగొట్టాల్సి వస్తుంది.