పాపకు పక్క ఎక్కడ?

సమస్య

పాలకొల్లు దగ్గరి పల్లెలో భర్త మేనత్తగారింటికి సంక్రాంతికి వెళ్లొచ్చిన ఒక తల్లి రాసిన ఉత్తరమిది. కాపురం హైదరాబాద్‌లో. పాపకు నాలుగో నెల. పండక్కి ఇంటినిండా చుట్టాలే అయినా మేనత్తగారు తమ పడకగదినే వీళ్లకిచ్చారు. కొత్త దూదిపరుపు, పాప దొర్లిపోకుండా చుట్టూ దిండ్లు, పైన ఉన్ని రగ్గు. అదే మంచం మీద మేనత్తగారి మనవలిద్దరూ పడుకున్నారు. జలుబు మాత్ర వేసుకున్న భర్తకు ఒళ్లు తెలియని నిద్ర. "బోర్లా పడుకోబెట్టమ్మా, గ్యాసు పోయి హాయిగా పడుకుంటుంది. మేమంతా అలా పెరిగినవాళ్లమే" అన్నారు మేనత్తగారు. కాదనడానికి ఈమెకు మొహమాటం. రెండు రాత్రులు పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చునే గడిపారు. మూడో రాత్రి హాల్లో సోఫా మీద, పాప గుండెల మీద ఉండగానే కన్నంటుకుంది. ఉలిక్కిపడి లేచేసరికి పాప తల్లి చంకకీ సోఫా వీపుకీ మధ్యకు జారి ఉంది.

మాఘమాసంలో మళ్లీ అదే ఇంట్లో పెళ్లి. రానంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారని భర్త అంటున్నారు. ఏం చేయాలన్నది ఆమె ప్రశ్న.

సలహా

ఈ ఉత్తరంలో గుండె ఆగినంత పనిచేసిన మాట ఆ సోఫా. పరుపు మీద ప్రమాదమని భయపడిన తల్లి, తెలియకుండానే అంతకన్నా పెద్ద ప్రమాదంలోకి వెళ్లింది. పసిబిడ్డతో సోఫాలో నిద్రపోవడం ఎప్పుడూ పనికిరాదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022 సూచనల్లో గట్టిగా చెప్పింది. ఆమెను అక్కడికి నెట్టింది మొహమాటం. ఆ మొహమాటాన్ని తీర్చాల్సిన మనిషి మాత్రం మాత్ర వేసుకుని నిద్రపోయాడు.

పెళ్లి మానుకోవచ్చు, భీమవరంలో లాడ్జి గది తీసుకోవచ్చు, తలంబ్రాలు చూసి వెనక్కి వచ్చేయొచ్చు. ఇవన్నీ ఆమెకూ తెలిసినవే. వీటిలో ఏదీ అక్కర్లేకుండానే పాప ఆ ఇంట్లో క్షేమంగా పడుకోగలదు.

ముందు ఆమె భయం నిజమైనదేనని ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. నిద్రలో ఉన్నట్టుండి ప్రాణం పోయే పసివాళ్లలో నూటికి తొంభై మంది ఆరు నెలలలోపు వాళ్లే. బోర్లా పడుకున్న బిడ్డ ముక్కు మెత్తటి పరుపులో దిగబడితే, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. తల పక్కకు తిప్పుకోలేకపోవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టాలని అమెరికాలో 1994లో దేశమంతటా ప్రచారం మొదలయ్యాక ఇలాంటి మరణాలు సుమారు సగానికి తగ్గాయి. కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయన్న భయమూ అక్కర్లేదు. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. పైనున్న గొట్టంలోకి పాలు ఎదురెక్కడం కష్టం.

"మేమంతా అలా పెరిగినవాళ్లమే" అనే మాట దగ్గర కాస్త ఆగాలి. అలా పెరిగారా? ఆనాటి పురిటిగదిలో నేల మీద చాప, దాని మీద పాతచీరల బొంత. తల్లీ బిడ్డా తప్ప ఆ పక్క మీద మరొకరు ఉండేవారు కాదు. జానెడు లోతు దిగే పరుపూ, ఒకే మంచం మీద ఐదుగురూ ఎక్కడివి? పెరగని పిల్లలు కూడా ఆ ఇళ్లలో ఉన్నారు. ఏ గ్రహమో సోకిందని కన్నీళ్లు తుడుచుకుని ఊరుకున్నారు.

కాబట్టి మేనత్తగారిని అడగాల్సింది ఆవిడ చిన్నప్పటి పక్కనే. గదిలో నేల మీద చాప, దాని మీద పలచటి బొంత, ముడతల్లేకుండా బిగించిన దుప్పటి. దిండు వద్దు, రగ్గు వద్దు. చలికి ఒంటి మీద ఒక చొక్కా ఎక్కువ వేస్తే చాలు. పాప వెల్లకిలా, తల్లి చేయి చాపితే అందేంత దూరంలో వేరే పక్క మీద. గోదావరి డెల్టాలో దోమలకు కాయిల్ పొగ పెట్టకుండా దోమతెర కట్టాలి. చేల పక్క ఇళ్లలో కట్లపాము భయం కూడా ఉంటుంది కనుక తెర అంచుల్ని చాప కిందికి దోపాలి. తెర ముఖానికి తగలకూడదు. చీర ఉయ్యాలలో గడ్డం గుండెకు ఆని ఊపిరి అందకపోవచ్చు. అందుకే అది పగలు, ఎవరైనా కళ్లెదుట ఉన్నప్పుడే. లంక పొగాకు చుట్ట కాల్చే తాతగారు ఎంత ముద్దు చేసినా ఆ గదిలో కాల్చకూడదు.

న్యూజిలాండ్‌లో మావోరీలదీ పిల్లల్ని పక్కలో వేసుకునే అలవాటే. వైద్యుడు డేవిడ్ టిపెనె-లీచ్, నేతగత్తెలు కలిసి 2006లో నారతో వహకురా అనే చిన్న బుట్టపక్క అల్లించారు. బిడ్డ తల్లి మంచం మీదే, తన బుట్టలో తాను పడుకుంటుంది. పెద్దల అలవాటును తప్పుపట్టకుండా బిడ్డను కాపాడారు. ఇక్కడా అదే దారి.

ఇక భర్త సంగతి. ఆవిడ అతని మేనత్త, చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన మనిషి. "అత్తా, పాపకి కింద చాప వేయించు, డాక్టరు చెప్పాడు" అని అతను అంటే ముచ్చటగా నవ్వి వేయిస్తుంది. అదే మాట కోడలు అంటే పట్నం పొగరవుతుంది. మన కుటుంబాల్లో చాలా తగవులు ఇలాగే పుడతాయి. చెప్పాల్సినవాడు నోరు మెదపడు, చెప్పిన ఆడపిల్ల చెడ్డదవుతుంది. నొచ్చుకుంటారేమోనని పెద్దల గురించి అంత ఆలోచించే అతను, రెండు రాత్రులు కన్నార్పకుండా కూర్చున్న భార్య గురించి ఒక్కసారి ఆలోచించాలి. పెళ్లికి బయలుదేరే ముందే ఫోన్ అతనే చేయాలి. ఆ రాత్రులు నిద్రమత్తు మాత్ర వేసుకోకుండా, పాలు తాగాక పాపను ఆమె చేతిలోంచి తీసుకుని పక్క మీద పడుకోబెట్టే పనీ అతనిదే.

గోదావరి ఇళ్ల మర్యాదకు వంక పెట్టేవాళ్లెవరూ లేరు. ఉన్న ఒక్క మంచమూ చుట్టానికిచ్చి తాము అరుగు మీద పడుకునే ఇళ్లవి. ఆ ఇళ్ల అత్తలకూ పిన్నులకూ ఒక్క మనవి: చంటిబిడ్డతో వచ్చే పిల్లను పూతరేకులు తెప్పించమంటావా అని అడిగే ఫోన్‌లోనే, పాపకు పక్క ఎక్కడ వేయమంటావమ్మా అని కూడా అడగండి.