పోటు చూసుకుని వెళ్లు

చిరంజీవి మనవడికి,

సంక్రాంతి సెలవుల్లో కాకినాడ తీరాన పక్షుల్ని చూస్తానని, అరుదైనవి ఎక్కడ దొరుకుతాయో చెప్పమని అడిగావు. అరుదైనవాటి వెంట పడకు నాయనా. ఒక్క పర్రను, అంటే పోటు తీశాక తేలే బురద మేటను, ఎంచుకో. ప్రతి చలికాలం అక్కడికే వెళ్లి, కనబడే మామూలు పిట్టల్ని లెక్కపెట్టు. ఎందుకో చెబుతాను. దక్షిణ కొరియాలో సెమాంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల గోడ కట్టి, 2006లో సముద్రపు పోటును ఆపేశారు. ఉత్తరాన సైబీరియాకు వెళ్లే గ్రేట్ నాట్ పక్షులు దారిలో అక్కడి బురదలోనే మేసి బలం పుంజుకునేవి. ఇక్కడ మేత పోతే పక్క తీరానికి పోతాయిలే అన్న వాదన అప్పట్లో వినిపించింది. కానీ చుట్టుపక్కల తీరాల్లోనూ, మన చలికాలంలో అవి ఉండే ఆస్ట్రేలియాలోనూ ఓపికగా లెక్కలు రాసినవాళ్లున్నారు. పక్షులు పక్కకు పోలేదు, తగ్గిపోయాయి అని ఆ లెక్కలే తేల్చాయి. 2015లో ఆ జాతి అంతరించే ముప్పున్న వాటిలో చేరింది. అవి వేలకు వేలు ఉన్న రోజుల్లో, ఇన్ని ఉన్నవాటిని లెక్కపెట్టడమెందుకని వదిలేసి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు. ఆ జాతి పక్షులు కాకినాడ బురద మేటల మీదకూ వస్తాయి.

లెక్క సరిగ్గా రావాలంటే గడియారం కన్నా ముందు పోటు వేళ చూసుకోవాలి. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు బాగా వెనక్కి తీస్తుంది, అప్పుడు గ్రేట్ నాట్ లాంటి ఉల్లంకి పిట్టలు దూరాన చుక్కల్లా కనబడతాయి. పోటు ఎక్కే వేళ నీళ్లే వాటిని నీవైపు నెట్టుకొస్తాయి. నిండు పోటుకు రెండు గంటల ముందే ఒడ్డున కదలకుండా కూర్చుంటే చాలు, బురదలోకి దిగనక్కర్లేదు. పోటు నిండాక మిగిలిన ఇసుక దిబ్బ మీద అవి కిక్కిరిసి సేద తీరుతుంటాయి. అప్పుడు దగ్గరికి పోయి లేపితే, వేల కిలోమీటర్ల ప్రయాణానికి కూడబెట్టుకుంటున్న కొవ్వు వృథాగా కరుగుతుంది.

పడవలూ కుక్కలూ ఎలాగూ లేపుతూనే ఉన్నాయి కదా అంటావేమో. పడవ తన దారిన పోతుంది, ఫొటో కోసం వెళ్లినవాడు పక్షి మీదకే నడుస్తాడు. ఆ తేడా పెద్దది. ఇక పేర్లు తెలియని నేను లెక్కేం రాస్తాననే సందేహం న్యాయమైనదే, బూడిదరంగు చిన్న పిట్టల్ని విడదీయడం అనుభవమున్నవాళ్లకూ కష్టం. గుర్తుపట్టనిదాన్ని ‘చిన్నవి, పేరు తెలియదు, 200’ అని రాయి. ఊహించి పెట్టిన పేరు లెక్కల పుస్తకాన్నంతా చెడగొడుతుంది. 1987 నుంచి ఏటా జనవరిలో నీటి పక్షుల గణన జరుగుతోంది, నీ అంకెలు ఆ గణన చేసేవాళ్లకివ్వు. పోయిన ఏడాది వందలు కనబడిన చోట ఒక్కటీ లేకపోతే, తేదీ, పోటు వేళ వేసి పక్కన సున్నా తప్పకుండా రాయి.

ఇట్లు,
మీ తాతయ్య