లాంగ్‌స్టోన్ దీపస్తంభము

మన తరగతి గోడకు వ్రేలాడుచున్న ఇంగ్లండు దేశపటములో ఈశాన్య తీరమును చూడుడు. స్కాట్లండు సరిహద్దునకు కొంచెము దిగువగా, ఈగ వ్రాలి విడిచిన మచ్చలవలె కొన్ని చుక్కలు కనబడును. పటమును అచ్చువేసినవాడు వానికి పేరుకూడ పెట్టలేదు. అవియే ఫార్న్ ద్వీపములు. ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతివారికి భూగోళపాఠము చెప్పునపుడు నేనీ చుక్కలయొద్ద అనుకొన్నదానికంటె ఎక్కువకాలము నిలిచిపోయితిని. అప్పుడు చెప్పినదానిని, చెప్పుటకు వేళ చాలనిదానినిగూడ, ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆ ద్వీపములెన్ని యని అడిగిన యెడల, ఏ వేళ లెక్కింపవలెనో ముందు చెప్పుడని తిరిగి అడుగవలెను. సముద్రము పాటు తీసినపుడు ఇరువదియెనిమిది వరకు లెక్కకు వచ్చును. పోటు వచ్చినపుడు పదునైదు మాత్రమే మిగులును. తక్కినవి నీటిక్రింద దాగియుండును. ఓడలకు గండము కనబడు రాతివలన కాదు, ఈ దాగిన రాతివలననే. ఆ రాయి డోలరైట్ అను నల్లని గట్టిరాయి. సుమారు 30 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగిన శిలాద్రవము పైపొరల నడుమ చొచ్చుకొనివచ్చి గడ్డకట్టినది. అలలు వేల యేండ్లనుండి కొట్టుచున్నను అది అరుగుట మిక్కిలి స్వల్పము.

చూడబోవువారు సీహౌసెస్ అను చిన్న రేవునుండి పడవలో పోవుదురు. తీరమునకు దగ్గరగా నుండునది ఇన్నర్ ఫార్న్. కత్‌బర్ట్ అను సన్న్యాసి ఒంటరిగా నివసించి 687వ సంవత్సరమున మరణించినది ఇచ్చటనే. వేసవిలో ఆర్కిటిక్ టర్న్ అను తెల్లని పక్షులు ఇచ్చట నేలపై గ్రుడ్లు పెట్టి, దగ్గరకు వచ్చినవారి నెత్తిని ముక్కుతో పొడుచును. కావున యాత్రికులు టోపీ పెట్టుకొనియే దిగుదురు. పఫిన్ అను రంగుముక్కు పక్షులు బొరియలలో పిల్లలను పెంచును. శరత్కాలమున సీలులు బండలమీదనే ఈనును. ఇవన్నియు దాటి వెలుపలికి పోగా, సముద్రమునకు ఎదురొడ్డి నిలిచిన బోడిరాయి లాంగ్‌స్టోన్. దానిపైన చెట్టు లేదు. ఎఱ్ఱని రంగు వేసి నడుమ తెల్లని పట్టెపెట్టిన 26 మీటర్ల గోపురమొకటి మాత్రమున్నది. ట్రినిటీ హౌస్ అను సంస్థకొఱకు జోసెఫ్ నెల్సన్ అనువాడు దీనిని కట్టగా, 1826లో మొదట దీపము వెలిగినది.

ఆ కాలపు దీపము విద్యుద్దీపము కాదు. ఆర్గాండ్ అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన నూనెదీపము. మామూలు దీపపు వత్తికి గాలి వెలుపలనుండియే తగులును. ఆర్గాండ్ వత్తిని గొట్టమువలె గుల్లగాచేసి, లోపలినుండియు గాలి పోవునట్లు అమర్చి, పైన గాజుచిమ్నీ నిలిపెను. గాలి ఎక్కువైనకొలది మంట తెల్లనై పొగ తగ్గును. దాని వెనుక వెండిపూత పూసిన గుంటపలక నుంచినచో, నలుదిక్కులకు చెదరిపోవు వెలుగు ఒక్కదిక్కున దూరముగా పోవును. ఇంతవరకు శాస్త్రము. రాత్రియంతయు నిద్ర మాని ఆ వత్తులను కత్తిరించి, నూనె పోసి, గాజులు తుడుచువారెవరు? విలియం డార్లింగ్ అను దీపరక్షకుడును, అతని భార్యయు, బిడ్డలును. తొమ్మండుగురు బిడ్డలలో ఏడవది గ్రేస్, 1815లో పుట్టినది. తండ్రియొద్దనే చదువు నేర్చినది. వంతు వచ్చినపుడు దీపమునొద్ద మేల్కొనుటయు నేర్చినది.

1838వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీ సాయంకాలమున ఫర్ఫార్‌షైర్ అను పొగయోడ హల్ రేవునుండి డండీకి బయలుదేరెను. అందు అరువదిమందికి పైగా జనులుండిరి. దారిలోనే బాయిలరు కారజొచ్చెను. మరుసటి రాత్రి స్కాట్లండు తీరమునొద్ద యంత్రములు నిలిచిపోగా, ఉత్తరపు తుపానుగాలి ఓడను వెనుకకు త్రోసికొనివచ్చెను. కెప్టెను ద్వీపముల చాటునకు చేరనెంచి, ఒక దీపమును చూచి మఱియొక దీపమనుకొనెను. ఏడవ తేదీ తెల్లవారుజామున సుమారు నాలుగు గంటలకు ఓడ బిగ్ హార్కర్ అను బండకు కొట్టుకొనెను. పావుగంటలో నడుమకు విరిగి, వెనుకభాగము కెప్టెనుతోను, అతని భార్యతోను, క్యాబినులలో నిద్రించుచున్నవారితోను కొట్టుకొనిపోయెను. తొమ్మండుగురు అంతకుముందే ఓడపడవలో దిగి తప్పించుకొనిరి. ముందుభాగము బండపై చిక్కి నిలిచెను.

తరువాతి కథ మనము పాఠపుస్తకములలో చదివియున్నాము. కేకలు విని గ్రేస్ మేల్కొనెననియు, భయపడుచున్న తండ్రిని బ్రతిమాలి పడవ దింపించెననియు వ్రాయుదురు. నేనును చాల యేండ్లు అట్లే చెప్పితిని. కాని తండ్రి ఆ యేడు అక్టోబరులో ట్రినిటీ హౌసుకు వ్రాసిన ఉత్తరమున్నది. దానిని చదివినపిమ్మట అట్లు చెప్పలేను. ఆ ఉత్తరమున కేకల ప్రసక్తి లేదు. తండ్రికూతుండ్రిద్దరు ముందే మేల్కొని ఆరుబయటి సామానులను భద్రపరచుచుండిరి. అయిదు గంటలకు పావుగంట ముందు కూతురు ఓడను చూచెను. చీకటివలనను, నీటితుంపరలవలనను మనుష్యులు కనబడలేదు. దూరదర్శిని కంటినుండి తీయక ఏడుగంటల వరకు చూచుచునే యుండిరి. పాటుతీసి బండ తేలినపుడు ముగ్గురో నలుగురో కదలుచున్నట్లు తెలిసెను. అప్పుడు వారిద్దరును ఆలోచించుకొని ఒక నిశ్చయమునకు వచ్చిరి. ఒకరు బెదరుటయు లేదు, ఒకరు బ్రతిమాలుటయు లేదు.

ఆ నిశ్చయమెట్టిదో నిదానముగా చూడుడు. ఇద్దరు కలిసి తెడ్లువేసి బండవరకు పోగలరు; కాని ఆ గాలికి, ఆ ప్రవాహమునకు ఎదురుగా తమంతట తిరిగి రాలేరని తండ్రికి తెలియును. బండపై నున్నవారిలో ఎవరికైన తెడ్డుపట్టు సత్తువ మిగిలియున్ననే తిరిగివచ్చుట. లేనిచో ఆ ఇద్దరునుగూడ అక్కడనే ఉండిపోవలసినది. దూరదర్శినితో రెండుగంటలు చూచిన మనుష్యుడు ఈ లెక్క వేయకుండ బయలుదేరలేదు.

ఈ మాట చెప్పినపుడు ఒక బాలుడు లేచి, “అయ్యా, తల్లినిగూడ తీసికొనిపోయిన ముగ్గురయ్యెదరు గదా?” యని అడిగెను. మంచి ప్రశ్నయే. తల్లి అరువదియేండ్లు దాటినది. అంతేకాదు, ముగ్గురు పోయిన యెడల తిరిగి వచ్చునపుడు ఒకరికి చోటు తగ్గును. ఆమె పడవను నీటిలోనికి దింపుటకు సాయపడి, ఒడ్డున నిలిచెను. ఆ దీపస్తంభమున అప్పుడు ఆమెకు తోడు ఎవరును లేరు.

ఎదురుగాలికి తిన్నగా పోరాదు గనుక, వారు ద్వీపముల చాటుచాటుగా సుమారు ఒక మైలు చుట్టుదారిన పోయిరి. బండను చేరగానే తండ్రి దానిపైకి దూకెను. ఇరువదియొక్క అడుగుల పడవలో గ్రేస్ ఒంటరిగా రెండు తెడ్లతో మిగిలెను. పడవ రాతికి తగిలిన ముక్కలగును. దూరముగా పోయిన తండ్రి చిక్కిపోవును. ముందుకు, వెనుకకు త్రోయుచు, అలకు అడ్డుపడకుండ దానిని నిలుపవలెను. మన బడిలో చదువు పల్లెకారుల బిడ్డలకు ఈ పని ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు; వారే నాకు చెప్పగలరు.

బండపై ఎనమండుగురు పురుషులు, ఒక స్త్రీ ఉండిరి. ఆ తల్లి రాత్రియంతయు తన యిద్దరు బిడ్డలను పట్టుకొనియుండెను. బిడ్డలు తెల్లవారకముందే మరణించిరి. తొమ్మండుగురిని ఒక్కసారి ఎక్కింపరాదని తండ్రి తలచి, ఆమెను, నలుగురు పురుషులను తీసికొనివచ్చెను. వారిలో ఇద్దరు అతనితో మరల పోయి తక్కిన నలుగురిని తెచ్చిరి. తొమ్మిదిగంటల వేళకు అందరును లాంగ్‌స్టోన్ చేరిరి. లెక్క సరిపోయినది.

అదే ఉదయమున నార్త్ సండర్లండునుండి ఏడుగురు చేపలపడవలో అదే సముద్రమునకు ఎదురేగి హార్కరుబండను చేరిరి. వారిలో గ్రేస్ తమ్ముడొకడు. వారికి అచ్చట శవములు మాత్రమే దొరికెను. తిరిగిపోవ వీలులేక లాంగ్‌స్టోనుకు వచ్చి, ఇల్లు నిండియుండుటచేత బయటి కొట్టములో తలదాచుకొనిరి. వారు పోయిన దూరమెక్కువ, ఫలమేమియు లేదు. అందుచేత వారి పేర్లు పత్రికలకు ఎక్కలేదు. ఇది న్యాయమని నేను చెప్పలేను.

గ్రేసునకు మాత్రము కీర్తి వరదవలె వచ్చెను. తండ్రికిని ఆమెకును వెండి పతకములు, విక్టోరియా రాణి యొద్దనుండి 50 పౌనులు, చిత్రకారులు వరుసగా, వెండ్రుకలు పంపుమని ఉత్తరములు, నాటకశాలలో పడవయందు కూర్చుండి కనబడుమని పిలుపులు. ఆమె నాటకశాలకు పోలేదు. 1842 అక్టోబరు 20వ తేదీన, ఇరువదియారేండ్ల వయస్సున, క్షయరోగముచేత మరణించెను. బాంబరో గ్రామమున ఆమె సమాధియున్నది. దాపున కట్టిన స్మారకమండపము ఓడలలో పోవువారికి కనబడునట్లు సముద్రమువైపు నిలిచియున్నది. ఆ పడవ అదే గ్రామపు మ్యూజియములో నున్నది.

దీపస్తంభమున 1990నుండి మనుష్యులు కాపురముండుట లేదు. ఇరువది సెకండ్లకొకసారి వెలుగు దానంతటదియే మెఱయును. యాత్రికులకు గ్రేస్ నిద్రించిన చిన్నగదిని చూపుదురు.

తండ్రి వ్రాసుకొన్న దినచర్యలో ఆ దినపు సంగతి కొద్ది పంక్తులలో ముగియును. గాలి దిక్కు, ఓడ పేరు, 43 మంది మునిగిపోవుట, తొమ్మండుగురిని డార్లింగులు రక్షించుట. గ్రేస్ అను పేరు అందులో లేదు. ఆ మాట వెంటనే అతడు ఓడలోని సరకుల పట్టిక వ్రాసెను: సన్నని బట్టలు, ఇనుపసామాను, సబ్బు, బాయిలరు రేకులు, నూలు వడకు పనిముట్లు.