దీవికి గ్యాస్ ఎలా చేరుతుంది? బార్జి, చలి, కొంచెం లెక్క

వంటింట్లో గ్యాస్ సిలిండర్‌ని ఎప్పుడైనా కొంచెం వంచి ఊపారా? లోపల ఏదో ద్రవం కదులుతున్నట్టు తెలుస్తుంది. అది ఎల్‌పీజీ. ఒత్తిడి పెడితే చాలు, మామూలు ఉష్ణోగ్రతలోనే ద్రవంగా మారిపోతుంది. దాన్ని లారీ ఎక్కించి, పడవ ఎక్కించి ఏ దీవికైనా పంపొచ్చు. పెద్ద చిక్కేమీ లేదు.

కరెంటు కేంద్రాల్లో వాడే సహజవాయువు అలా కాదు. అది చాలా వరకు మీథేన్. థర్మోడైనమిక్స్ క్లాసులో క్రిటికల్ టెంపరేచర్ అని ఒక మాట విన్నాం, పరీక్షకి రాశాం, మర్చిపోయాం. ఆ మాట ఇక్కడ పనికొస్తుంది. ప్రొపేన్‌కి అది సుమారు 97 డిగ్రీల సెల్సియస్. మీథేన్‌కి మైనస్ 83. ఆ ఉష్ణోగ్రత దాటాక ఎంత ఒత్తిడి పెట్టినా గ్యాస్ ద్రవం కాదు. అంటే మీథేన్‌ని మన ఎండలో సిలిండర్లో ద్రవంగా ఉంచడం కుదిరే పని కాదు. చల్లబరచాల్సిందే. మామూలు వాతావరణ పీడనం దగ్గర మైనస్ 162 డిగ్రీలకి తీసుకెళ్తే ద్రవమవుతుంది. ఘనపరిమాణం దాదాపు 600 వంతుల్లో ఒక వంతుకి తగ్గుతుంది. అదే ఎల్‌ఎన్‌జీ.

సముద్రం అడుగున పైపు వేయలేని దీవులు చాలావరకు డీజిల్ జనరేటర్ల మీదే బతుకుతున్నాయి. పొగ, మసి, ఖర్చు అన్నీ ఎక్కువే. అందుకే ఎల్‌ఎన్‌జీని బార్జి మీద తెప్పించుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. తేవడం సాధ్యమేనని ఇప్పటికే రుజువైంది. ఎంత చిన్న దీవికి తేవడం లాభం, ఎవరికి లాభం అన్నదే అసలు ప్రశ్న. ఆ లెక్క మనమే వేసి చూద్దాం. ప్లస్ టూ ఫిజిక్స్ చాలు.

బార్జి అంటే

నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వైపు గోదావరి దాటినవాళ్లకి పంటు తెలుసు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, మనుషుల్నీ బళ్లనీ కలిపి మోస్తుంది. బార్జి కూడా ఆ జాతిదే. చాలా బార్జిలకి సొంత ఇంజిన్ ఉండదు, టగ్ అనే చిన్న బలమైన పడవ లాగుతుంది లేదా నెడుతుంది. పెద్ద ఎల్‌ఎన్‌జీ ఓడ 1,70,000 క్యూబిక్ మీటర్లకి పైగా మోస్తుంది కానీ దానికి లోతైన రేవు కావాలి. దీవుల రేవులు సాధారణంగా లోతు తక్కువ. లోతు తక్కువ నీళ్లలోనూ తేలగలగడమే బార్జికున్న సుగుణం.

నిజానికి ఎల్‌ఎన్‌జీ నీటి మీద ప్రయాణించాలన్న ఆలోచన మొదలైందే బార్జితో. 1950ల మొదట్లో షికాగోలోని యూనియన్ స్టాక్‌యార్డ్స్ సంస్థ, లూసియానా గ్యాస్‌ని చల్లబరచి మిసిసిపి నది మీదుగా బార్జిలో తెప్పించుకోవాలనుకుంది. ట్యాంకులకి లోపలివైపు బాల్సా చెక్క పొర వేసి ఒక బార్జి కట్టించారు కూడా. అది అనుకున్న పనిలోకి దిగలేదు. కానీ ఆ ప్రయత్నంలో నేర్చుకున్నది పోలేదు. 1959లో మీథేన్ పయొనీర్ అనే ఓడ సుమారు 5,000 క్యూబిక్ మీటర్ల ఎల్‌ఎన్‌జీతో లూసియానాలోని లేక్ చార్లెస్ నుంచి అట్లాంటిక్ దాటి ఇంగ్లండ్ చేరింది. అది ఆగిన చోటు థేమ్స్ నది ముఖద్వారంలోని కాన్వే ఐలాండ్. చూశారా, సముద్రం దాటిన మొదటి ఎల్‌ఎన్‌జీ దిగింది కూడా ఒక దీవిలోనే!

ఇప్పటి బార్జికి ఒక ఉదాహరణ అమెరికాలోని క్లీన్ జాక్సన్‌విల్. 2018లో పనిలోకి వచ్చింది. ట్యాంకు 2,200 క్యూబిక్ మీటర్లు. ఫ్లోరిడా నుంచి ప్యూర్టో రికో దీవికి సరుకు మోసే కంటైనర్ ఓడలకి ఇది ఇంధనం నింపుతుంది. మన లెక్కలకి ఇదే సైజు ట్యాంకు తీసుకుందాం.

ఏ లోహం?

మైనస్ 162 దగ్గర మామూలు ఉక్కు గాజులా పెళుసుబారుతుంది. 1944 అక్టోబర్ 20న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఒక ఎల్‌ఎన్‌జీ ట్యాంకు పగిలింది. ద్రవం వీధుల్లోకి, డ్రైనేజీల్లోకి పారి అంటుకుంది. సుమారు 130 మంది చనిపోయారు. ఆ ట్యాంకులో వాడినది 3.5 శాతం నికెల్ ఉన్న ఉక్కు. ఆ చలికి అది చాలలేదన్నది ప్రధాన కారణాల్లో ఒకటి. ఇప్పుడు 9 శాతం నికెల్ ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీల్, అల్యూమినియం మిశ్రమాలు వాడుతున్నారు. ఒలికితే పట్టడానికి ట్యాంకు చుట్టూ గట్టు కడుతున్నారు. మెటీరియల్ సైన్స్ బోర్ అనేవాళ్లు ఈ ఒక్క సంఘటన గుర్తుపెట్టుకుంటే చాలు.

మట్టి కుండ సూత్రం

బార్జిలో ట్యాంకుని చల్లగా ఉంచడానికి ఫ్రిజ్ ఉంటుందనుకుంటాం. చాలావాటిలో ఉండదు. మందపాటి ఇన్సులేషన్ ఉంటుంది. అయినా కొంచెం వేడి లోపలికి వెళ్తూనే ఉంటుంది. ఆ వేడిని తీసుకుని కొంత ద్రవం ఆవిరైపోతుంది, మిగిలినది చల్లగా ఉంటుంది. వేసవిలో మట్టి కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే కదా. కుండ తడి ఆవిరవుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. ఎల్‌ఎన్‌జీ కూడా తనలో కొంత పోగొట్టుకుంటూ మిగతాది కాపాడుకుంటుంది. అలా ఆవిరయ్యేదాన్ని బాయిల్ ఆఫ్ అంటారు.

ఇక్కడే చిన్న దీవికి జ్యామితి అడ్డం వస్తుంది. లోపలికొచ్చే వేడి ట్యాంకు ఉపరితలాన్ని బట్టి ఉంటుంది. లోపలున్న సరుకు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. ట్యాంకు చిన్నదయ్యేకొద్దీ సరుకుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువవుతుంది. పెద్ద ఓడలో ఒక్కో ట్యాంకు సుమారు 43,000 క్యూబిక్ మీటర్లు అనుకోండి. మన బార్జి ట్యాంకు అందులో ఇరవయ్యో వంతు. 20కి ఘనమూలం 2.7. అంటే అదే ఇన్సులేషన్‌తో బార్జిలో ఆవిరయ్యే శాతం 2.7 రెట్లు ఎక్కువ. పెద్ద ఓడల్లో రోజుకి 0.1 శాతం దాకా ఉంటే, మన బార్జికి 0.3 శాతం అని తీసుకుందాం. అంటే రోజుకి 6.6 క్యూబిక్ మీటర్ల ద్రవం.

ఎంత దీవికి ఎంత?

సగటున 20 మెగావాట్ల కరెంటు వాడే దీవి ఒకటి ఊహించుకుందాం.

రోజుకి కరెంటు: 20 × 24 = 480 మెగావాట్ అవర్లు, అంటే 1,728 గిగాజౌళ్లు.
ఇంజిన్ సామర్థ్యం 45 శాతం అయితే కావాల్సిన ఇంధన శక్తి: 3,840 గిగాజౌళ్లు.
ఒక క్యూబిక్ మీటర్ ఎల్‌ఎన్‌జీలో సుమారు 22.5 గిగాజౌళ్లు. కాబట్టి రోజుకి 170 క్యూబిక్ మీటర్లు.

2,200 క్యూబిక్ మీటర్ల ట్యాంకు సుమారు 13 రోజులు వస్తుంది. రోజూ ఆవిరయ్యే 6.6ని ఇంజిన్ ఎలాగూ కాల్చేస్తుంది. అసలు సమస్యే లేదు.

ఇప్పుడు దీవి వాడకం 1 మెగావాట్ అనుకోండి. రోజుకి కావాల్సింది 8.5. ఆవిరయ్యేది 6.6. రాత్రిపూట వాడకం సగానికి పడితే కావాల్సినదానికంటే ఆవిరయ్యేదే ఎక్కువ! ట్యాంకులో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి తట్టుకునే ట్యాంకైతే కొన్ని రోజులు ఓర్చుకుంటుంది. ఆ తర్వాత గ్యాస్‌ని మళ్లీ ద్రవం చేయాలి, లేదా కాల్చి పారేయాలి. కాబట్టి ఇంత చిన్న ఊరికి బార్జి కాదు దారి.

ఇలాంటి చోట్ల కంటైనర్ పద్ధతి ఉంది. వాక్యూమ్ ఇన్సులేషన్ ఉన్న 40 అడుగుల ట్యాంకు కంటైనర్లో సుమారు 40 క్యూబిక్ మీటర్లు పడుతుంది. మామూలు సరుకు ఓడ మీద మామూలు కంటైనర్‌లాగే వెళ్తుంది. పోర్చుగల్‌కి చెందిన మదీరా దీవికి 2014 నుంచి గ్యాస్ ఇలాగే చేరుతోంది. సైనెస్ టెర్మినల్ దగ్గర నింపుతారు, ఓడ మీద సముద్రం దాటిస్తారు, లారీ మీద కరెంటు కేంద్రానికి చేరుస్తారు. అంటే దీవి సైజుని బట్టి పాత్ర మారాలి.

తుఫాను రోజుల సంగతి

బార్జి నెమ్మది. గంటకి 15 కిలోమీటర్లు అనుకుంటే 500 కిలోమీటర్ల దూరానికి 33 గంటలు. రానూపోనూ దాదాపు 3 రోజులు, నింపడానికీ దింపడానికీ ఇంకో 2. మొత్తం 5 రోజులు. వానాకాలంలో సముద్రం వారం పాటు వదలకపోతే? 5 + 7 = 12 రోజులు. మన 20 మెగావాట్ల దీవికి 12 × 170 = 2,040 క్యూబిక్ మీటర్ల నిల్వ ఎప్పుడూ ఉండాలి. అంటే బార్జి ఒక్కటే సరిపోదు, అంతే పెద్ద ట్యాంకు దీవి మీద కూడా కట్టాలి. అసలు ఖర్చు పెరిగేది అక్కడే. పైగా డీజిల్ డ్రమ్ముల్లో నెలల తరబడి ఉంటుంది, ఎల్‌ఎన్‌జీ ఉండదు.

బాలీ అనుభవం

ఇండోనేషియాలో వేల దీవులున్నాయి. బాలీలోని బెనోవా రేవులో 2016 నుంచి నీటి మీద తేలే నిల్వ కేంద్రం, ద్రవాన్ని మళ్లీ గ్యాస్ చేసే కేంద్రం పనిచేస్తున్నాయి. అక్కడి నుంచి పెసంగరాన్‌లోని 200 మెగావాట్ల కేంద్రానికి గ్యాస్ వెళ్తుంది. ఆ ఇంజిన్లు గ్యాస్‌తోనూ డీజిల్‌తోనూ నడుస్తాయి.

ద్రవాన్ని గ్యాస్ చేయడానికి వేడి కావాలి, కిలోకి సుమారు 870 కిలోజౌళ్లు. మన 20 మెగావాట్ల దీవికి లెక్కేస్తే 770 కిలోవాట్ల వేడి. దీన్ని సముద్రపు నీరే ఇవ్వగలదు, ఇంజిన్ చల్లబరిచే నీరు కూడా ఇవ్వగలదు. ఆ చలిని వృథాగా పోనివ్వకూడదు. జపాన్‌లో గాలి నుంచి ఆక్సిజన్, నైట్రోజన్ విడదీయడానికి వాడుతున్నారు. చేపలు పట్టే దీవిలో అయితే ఐసు కర్మాగారానికి వాడుకోవచ్చు.

అంతా బాగుందనుకుంటే, 2022లో బాలీలోనే సనూర్ దగ్గర మడ అడవుల ప్రాంతంలో కొత్త ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ ప్రతిపాదనని ఇంతరాన్ గ్రామస్థులు గట్టిగా వ్యతిరేకించారు. మడ చెట్లు, పగడపు దిబ్బలు, తీరం దెబ్బతింటాయన్నది వాళ్ల భయం. కరెంటు దీవి అంతటికీ వెళ్తుంది. తవ్వకం మాత్రం ఒక ఊరి ముందే జరుగుతుంది. ఈ తేడా మన ఫ్లో చార్టుల్లో ఎక్కడా కనపడదు.

శుభ్రమైన ఇంధనమేనా?

ఒక మెగాజౌల్ వేడికి డీజిల్ సుమారు 74 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, గ్యాస్ 56. తేడా 18 గ్రాములు. మసి, గంధకం అయితే గ్యాస్‌లో దాదాపు ఉండవు. కేంద్రం పక్కన బతికేవాళ్ల ఊపిరితిత్తులకి ఇది నిజమైన మేలు.

కానీ మీథేన్ కాలకుండా లీకైతే? వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 30 రెట్లు వేడి పెంచుతుంది, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లకి పైనే. ఒక మెగాజౌల్‌కి కావాల్సిన మీథేన్ 20 గ్రాములు. 1 శాతం లీకంటే 0.2 గ్రాములు. దాన్ని 30తో గుణిస్తే 6. కాబట్టి 3 శాతం లీకైతే ఆ 18 గ్రాముల లాభం సున్నా. ఇరవై ఏళ్ల లెక్కలో అయితే 1.1 శాతానికే సున్నా. గ్యాస్‌ని ద్రవం చేయడానికయ్యే శక్తిని ఇందులో కలపనే లేదు. ఓడల్లో వాడే ఇలాంటి మీడియం స్పీడ్ డ్యూయల్ ఫ్యూయల్ ఇంజిన్లకి కాలకుండా తప్పించుకునే మీథేన్‌ని 3.1 శాతంగా లెక్కవేయమంటాయి యూరోపియన్ యూనియన్ నిబంధనలు. అంటే గ్యాస్ మంచిదా చెడ్డదా అన్నది ఆ ఒక్క వాల్వు, ఆ ఒక్క గాస్కెట్, ఆ ఒక్క ఇంజిన్ ట్యూనింగ్ మీద ఆధారపడి ఉంది. అది మన చేతిలో పని.

మనకేంటి?

విశాఖపట్నం నుంచి అండమాన్‌కి ఓడ వెళ్తుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది. అక్కడి కరెంటు ఎక్కువగా డీజిల్‌దే. ఎల్‌ఎన్‌జీతో నడిచే 50 మెగావాట్ల కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. అంటే ఇది ఎక్కడో బాలీ గొడవ మాత్రమే కాదు.

ట్యాంకు, రేవు, ఇంజిన్లు ఒకసారి కడితే ఇరవై ఏళ్ల పైనే ఉంటాయి. సోలార్, బ్యాటరీల ధరలు పడిపోతున్న రోజుల్లో ఇరవై ఏళ్లు చిన్న మాట కాదు. అందుకే ఏ దీవికైనా గ్యాస్ అని ఎవరైనా అంటే మూడు ప్రశ్నలు అడుగుదాం. రోజు వాడకం బాయిల్ ఆఫ్ కంటే ఎన్ని రెట్లు ఎక్కువ? సముద్రం వారం రోజులు వదలకపోతే నిల్వ ఎంత? బావి నుంచి పొగగొట్టం దాకా లీకు ఎంత, దాన్ని కొలిచేదెవరు?

మూడింటికీ అంకెల్లో జవాబొస్తే బార్జి కట్టొచ్చు. మొదటిదానికే తడబడితే ఆ దీవికి సోలార్, బ్యాటరీతో పాటు కొద్దిగా డీజిల్ ఉంచుకోవడమే మేలేమో, ఆ లెక్క కూడా వేయాలి. అది వచ్చే సంచికలో ఎవరైనా రాస్తే చదవడానికి నేను రెడీ.